తెరచుట నేర్చితిమి – మూయుట నేర్వవలెను

శ్రీ మాత్రే నమః



ఈ సాయంకాలము మనము చెప్పుకొనబోవు వస్తువు పేరు ఏ పురాణములోను లేదు. అయినను అది మనలో ప్రతివారి చేతిలోను, జేబులోను, తలగడ క్రిందను ఉన్నది. అదియే సెల్‌ఫోను. అందులో వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ మొదలగునవి కొలువుతీరి ఉన్నవి. వీటితో మనకు గల సంబంధము ఎట్టిదో విచారించుకొనుటయే నేటి ప్రసంగ విషయము. ఈ విచారణను ఇతరులపై జరుపుట సులభము. పిల్లలపై జరుపుట మరింత సులభము. కాబట్టి మేము మొదట మమ్ములను ప్రశ్నించుకొని, తేలిన దానిని మీ ముందు ఉంచుచున్నాము.

పుష్కర స్నానము

2016 ఆగస్టు 12 మొదలు 23 వరకు కృష్ణవేణికి పుష్కరములు జరిగినవి. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినపుడు, పన్నెండేండ్లకు ఒకమారు వచ్చు పర్వమది. మా తల్లిగారిని వెంటబెట్టుకొని విజయవాడలో స్నానఘట్టమునకు వెళ్ళినాము. అప్పటికి ఆమెకు ఎనుబది యేండ్లు దాటినవి. చేతికి క్రొత్తగా వచ్చిన ఫోను మాకొక వేడుక. ఆమె మెట్లు దిగుచుండగా ఒక ఫొటో, దోసిలి పట్టగా ఒక ఫొటో, సూర్యునకు అర్ఘ్యమిచ్చుచుండగా మరియొకటి తీసినాము. తీసినవి తీసినట్లే అమెరికాలోని బంధువులకు పంపినాము.

స్నానము ముగిసిన పిమ్మట ఆమె తడి కొంగు పిండుకొనుచు మెట్టుపై కూర్చుండి ఏదో చెప్పనారంభించినది. చిన్ననాట తన తల్లి చేయి పట్టుకొని ఇదే నదికి వచ్చిన ముచ్చట అని మాత్రము మాకు జ్ఞాపకము. మేము తల వంచుకొని, పంపిన ఫొటోలను ఎవరెవరు చూచిరో చూచుకొనుచు, "ఊఁ, ఊఁ" అనుచుంటిమి. కొంతసేపటికి ఆమె ఆగి, "సర్లే నాయనా, ఇంటికెళ్ళాక చెబుతాలే. నీ పని చూసుకో" అన్నది. ఇంటికి వెళ్ళిన తరువాత ఆమె చెప్పలేదు, మేము అడుగలేదు. రెండేండ్లకు ఆమె పరమపదించినది.

ఆ ఫొటోలు నేటికిని మా వద్ద ఉన్నవి. లెక్కించి చూడగా నలుబది మూడు. అందులో నది ఉన్నది, అర్ఘ్యమున్నది, అమ్మ ఉన్నది. ఆనాడు ఆమె చెప్పబోయిన మాట మాత్రము లేదు. ఆ మాట వినుటకు అక్కడ ఉన్నది మేమొక్కరమే. "నీ పని చూసుకో" అని ఆమె కోపముతో అనలేదు. మాకు నిజముగానే ఏదో పని ఉన్నదని నమ్మి అన్నది. ఆ నమ్మకమే నేటికిని మమ్ములను బాధించుచున్నది.

దోషము యంత్రమునదా?

ఇంతమాత్రమున ఫోనును నిందించి, నదిలో విసరివేయుడని చెప్పుటకు మేము రాలేదు. అట్లు చెప్పినచో అది కృతఘ్నత అగును.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడపై పడినది. కట్టకు గండ్లు పడగా అజిత్ సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట మొదలగు ప్రాంతములు నీట మునిగినవి. మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద ప్రవహించినది. అంతటి ప్రవాహము ఆ బ్యారేజీ అంతకుముందు ఎన్నడును చూడలేదు. ఆ రోజులలో మేడలపై చిక్కుకొన్న వారు తమ జాడ తెలుపుకొనుటకు ఫోనే ఆధారమైనది. పడవలు పోలేని చోట్లకు డ్రోన్లు ఆహారపు పొట్లములను చేర్చినవి. అప్పుడు ఛార్జింగు మిగిలియున్న ఒక ఫోను ఒక కుటుంబమునకు ప్రాణసమానము.

మన డెల్టా గ్రామములలో బిడ్డలు సముద్రములు దాటి వెళ్ళని వీధి అరుదు. గుడివాడ ప్రక్క పల్లెలో కూర్చున్న అమ్మమ్మ అమెరికాలో మనుమరాలి అన్నప్రాశనను వీడియో కాల్‌లో చూచి ఆనందబాష్పములు రాల్చుచున్నది. కొండ మెట్లు ఎక్కలేని వృద్ధులు ఇంటనే ఉండి నవరాత్రులలో దుర్గమ్మ అలంకారములను దర్శించుచున్నారు. ఇవన్నియు ఈ సాధనము వలన కలిగిన మేళ్ళే. మరి మేలు చేయు వస్తువు మా చెవిని, మా తల్లి మాటను ఎట్లు అపహరించినది? ఈ ప్రశ్నకు సమాధానము మన ఇంద్రకీలాద్రి మీదనే ఉన్నది.

అస్త్రము – ఉపసంహారము

అర్జునుడు తపమాచరించి పరమశివుని మెప్పించి పాశుపతాస్త్రమును పొందిన కొండ ఇదేయని మన స్థలపురాణము చెప్పుచున్నది. మహాభారతము ఆ ఘట్టమున ఒక సూక్ష్మమును తెలుపుచున్నది. శివుడు అస్త్రమును చేతికిచ్చి ఊరకుండలేదు. దానిని ప్రయోగించు విధానముతో పాటు ఉపసంహరించు విధానమును గూడ ఉపదేశించెను. విడుచుటయు, వెనుకకు తీసికొనుటయు రెండును తెలిసిన నాడే ఆ విద్య పూర్తియైనట్లు.

ఈ రెండవ సగము తెలియని వాని గతి ఏమైనదో సౌప్తిక పర్వమున చూచుచున్నాము. యుద్ధాంతమున అశ్వత్థామ ఒక గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను. అర్జునుడును అదే అస్త్రముతో ఎదుర్కొనెను. వ్యాస నారదులు నడుమ నిలిచి ఇరువురను వారించిరి. అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు అది చేతకాలేదు. వెనుకకు రాని ఆ అస్త్రము ఎవరిపై పడినది? ఉత్తర గర్భములోని పసికందుపై పడినది. శ్రీకృష్ణుని అనుగ్రహము లేకున్నచో పరీక్షిత్తు మనకు దక్కెడివాడు కాడు.

ఈ కథను మేము ఎన్నోమారులు చెప్పినాము. మా తల్లిగారు పోయిన తరువాతనే దాని బరువు మాకు తెలిసినది. ఫోనును చేతికి తీసికొనుట మనకు వచ్చును. రెండేండ్ల పిల్లవానికి గూడ వచ్చును. క్రింద పెట్టుట ఎందరికి వచ్చును? పెద్దలు క్రింద పెట్టలేకపోయినపుడు ఆ దెబ్బ ముందుగా తగులునది పసివారికే. మాట నేర్పవలసిన తల్లిదండ్రుల చూపు తెరపై ఉండగా, బిడ్డ ఎవరి ముఖము చూచి మాట నేర్చుకొనును?

లాకులు ఎవరు తీసివేసిరి?

పూర్వము మన ఇండ్లలో యంత్రములు లేవా? ఉన్నవి. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. ఉదయము భక్తిరంజని వినుచు ముగ్గు పెట్టుకొన్న తల్లులు మనలో ఎందరో ఉన్నారు. అయితే భక్తిరంజని ఒక వేళకు ఆరంభమై ఒక వేళకు ముగియుచుండెడిది. రాత్రి ప్రసారములు సమాప్తమైనవని చెప్పి కేంద్రమే నిద్రించెడిది. 1987 జనవరి నుండి 1988 జులై వరకు దూరదర్శన్‌లో రామాయణము వచ్చినపుడు, ఆదివారము ఉదయము వీధివారందరును ఒక ఇంట చేరి చూచెడివారు. అది ముగియగానే ఎవరి ఇంటికి వారు వెళ్ళి, వారము దినములు తరువాయి భాగమును గూర్చి చెప్పుకొనెడివారు. ఆనాడు మూయుట అను పనిని మన తరఫున మరియొకరు చేసి పెట్టుచుండిరి.

ఇప్పుడు ఆ ముగింపు తీసివేయబడినది. వ్రేలితో పైకి త్రోసిన కొలది క్రొత్త బొమ్మ, క్రొత్త మాట వచ్చుచునే ఉండును. పుటకు చివర లేదు. ఈ ఏర్పాటును 2006లో రూపొందించిన వారు ఆజా రాస్కిన్ అను అమెరికా నిపుణులు. మరుసటి పుటకు పోవు శ్రమ తప్పించుటకు ఆయన దానిని చేసిరి. కాలక్రమమున అది మనుష్యులను కదలనీయక కూర్చుండబెట్టుట చూచి, చేసినందుకు ఆయనయే బహిరంగముగా పశ్చాత్తాపపడిరి. 2009లో ఫేస్‌బుక్‌లో "లైక్" గుర్తు వచ్చినది. మన ఫొటోను ఎందరు మెచ్చిరో లెక్క కనబడుట మొదలైనది. ఈ సంస్థలకు ఆదాయము ప్రధానముగా ప్రకటనల నుండి వచ్చును. మనము ఎంతసేపు చూచినచో వారికి అంత లాభము. కాబట్టి మనము లేచిపోవుటకు తగిన ముగింపును వారు తమంత తాముగా పెట్టుదురని ఆశించుట వ్యర్థము. మూయవలసినది మనమే.

డెల్టా చెప్పిన పాఠము

ఈ మూయుట అను విద్య మన ప్రాంతము వారికి క్రొత్త కాదు. ఆనకట్ట లేని కాలమున కృష్ణకు వరద వచ్చిన యేట మునక, రాని యేట కరువు. 1832-33 నాటి డొక్కల కరువును గుంటూరు సీమ తరతరములు చెప్పుకొన్నది. ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహముతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో ఆరంభమైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున 1954-57 నడుమ 70 గేట్లతో బ్యారేజీ కట్టి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. నది మారలేదు, నేల మారలేదు. నడుమ తలుపు వచ్చినది. అంతటితో ముంచెడి నీరే అన్నము పెట్టినది. సుమారు 13 లక్షల ఎకరములు ఆ నీటి వలన పచ్చగా ఉన్నవి.

మన పట్టణము నడుమనే పారు బందరు, ఏలూరు, రైవస్ కాలువలను చూడుడు. వాటికి లాకులున్నవి. లాకు వద్ద లస్కరు ఉండును. ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దించవలెనో ఎరిగిన వాడతడు. అతడు నీటిపై ద్వేషముతో తలుపు దించడు. పొలము మేలు కోరి దించును. వేసవి వచ్చినదన్న కాలువ కట్టివేయుట గూడ మనకు తెలిసినదే. కట్టివేయుటకు ముందు ఊరి మంచినీటి చెరువులను నింపుకొందురు. నీరు తీసిన తరువాత అడుగున ఉన్నదంతయు బయటపడును. పూడిక, తూడు, గుర్రపుడెక్క, పగిలిన సీసాలు కనబడును. నిండుగా పారునపుడు ఇవేవియు కంటికి కనబడవు. బాగు చేయుటకు వీలగునది కట్టివేసినపుడే.

మన ఫోనుకు లస్కరు ఎవరు? ఈ ప్రశ్నకు ప్రతివారును తమ పేరే చెప్పుకొనవలెను.

మూడు తలుపులు

మేము అనుష్ఠించి చూచి, కొంత తడబడి, కొంత నిలదొక్కుకొన్న మూడు నియమములను మనవి చేయుచున్నాము.

మొదటిది కాలమునకు తలుపు. ఉదయము లేచినది మొదలు నిత్యపూజ ముగియు వరకు ఫోను ముట్టరాదు. రాత్రి పడుకొను గదిలోనికి అది రారాదు. ఏకాదశినాడు సూర్యోదయము నుండి సూర్యాస్తమయము వరకు వాట్సాప్, ఫేస్‌బుక్, వీడియోలు పూర్తిగా కట్టివేయవలెను. ఉపవాసము కడుపునకే గాక కంటికిని, చెవికిని ఉండవలెను గదా!

మొదటి ఏకాదశినాడు మాకు కలిగిన అనుభవము చెప్పుదుము. ఫోను బీరువాలో ఉన్నను మా చేయి ఉత్తరీయపు మడతలలో దానిని వెదకుచునే ఉన్నది. మధ్యాహ్నమునకు అకారణముగా చిరాకు కలిగినది. ఎవరో మమ్ములను మరచిపోయిరన్న దిగులు కలిగినది. మొదట ఇది నియమము వలన వచ్చిన బాధ అనుకొన్నాము. తరువాత తెలిసినది, ఇది కాలువ అడుగున ఎన్నాళ్ళనుండియో పేరుకొన్న పూడికయే. ఎవరైనను మెచ్చవలెనన్న ఆశ, ఒంటరిగా కూర్చుండలేని భయము మాలో ఉన్నవి. నీరు తీయగా కనబడినవి. కనబడినవి కాబట్టి అమ్మవారి ముందు పెట్టి ప్రార్థించుటకు వీలైనది.

రెండవది వాక్కునకు తలుపు. గీత 17వ అధ్యాయమున భగవానుడు వాక్కుతో చేయు తపస్సును వివరించుచు, మాట ఇతరులను కలవరపెట్టనిదై, సత్యమై, ప్రియమై, హితమై ఉండవలెనని చెప్పెను. ఫార్వర్డ్ చేయుటయు మాట్లాడుటయే. మనము వ్రాయలేదు గదా అని తప్పించుకొనరాదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవన్న పుకారు దేశమంతటను, మన తెలుగు సీమలలోను ఫోనుల ద్వారా వ్యాపించి, అమాయకులు దెబ్బలు తినిరి, ప్రాణములు గూడ కోల్పోయిరి. ఆ యేడే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేమారు ఐదింటికి మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేయవలసి వచ్చినది. 2024 వరదలు తగ్గిన తరువాతను, బుడమేరు మరల వచ్చుచున్నదన్న పుకారు లేచి, అప్పుడప్పుడే ఇల్లు కడుగుకొనుచున్న వారిని హడలెత్తించినది. అధికారులు దానిని ఖండించవలసి వచ్చినది. ఆ పుకారును పంపిన వారిలో దుర్మార్గులు ఎందరో మేము చెప్పలేము. మంచి చేయుచున్నామనుకొన్న భక్తులు గూడ ఉండియుందురు. కాబట్టి పంపుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొందము. ఇది కలవరము పుట్టించునా? నిజమని నాకు తెలియునా? ఎదుటివానికి ప్రియమా? హితమా? ఒక్కదానికి సమాధానము సరిగా లేకున్నను తలుపు దించవలెను. దేవుని బొమ్మ వేసి, పదిమందికి పంపనిచో కీడు కలుగునని బెదిరించు సందేశములకును ఇదే నియమము. భయపెట్టి పంచి పెట్టించు ప్రసాదము ఏ దేవాలయములోను లేదు.

మూడవది సన్నిధికి తలుపు. తిరుమలలో స్వామి దర్శనమునకు పోవువారు ఫోనును అప్పగించి వెళ్ళుదురు. అక్కడ తలుపు దించువారు దేవస్థానము వారు. అప్పగించిన తరువాత వరుసలో ప్రక్కవారి ఊరు, పేరు అడుగుదుము. గోవిందనామము నోట పలుకును. తలుపులు తెరచిన ఆ కొద్ది క్షణములును కన్నులతోనే చూతుము. ఎవరో బలవంతము చేసినపుడు ఇంత సుఖముగా ఉన్నది, మన ఇంటి పూజామందిరము ముందు మనమే చేసికొనినచో ఎంత సుఖముగా ఉండును! హారతి వెలుగుచున్నపుడు చేతులు కన్నులకద్దుకొనుటకు ఖాళీగా ఉండవలెను. ఇంటికి వచ్చిన అతిథి, బడి నుండి వచ్చిన బిడ్డ, మంచము పట్టిన తండ్రి మాట్లాడుచున్నపుడును అది సన్నిధియే. అప్పుడు ఫోను బోర్లా పెట్టవలెను.

భక్తుల సందేహములు

ఈ మాటలు మేము చెప్పినపుడెల్ల కొందరు సందేహములు అడుగుచుందురు. "అయ్యగారూ, నాకు అక్షరములు చిన్నవిగా కనబడును. ఫోనులో పెద్దవి చేసికొని లలితా సహస్రనామము చదువుకొందును. తప్పా?" అని ఒక తల్లి అడిగినది. తప్పు లేదమ్మా. అది మీకు కళ్ళజోడు వంటిది. చదువుచుండగా నడుమ వచ్చు సందేశములను మాత్రము ఆపివేసికొనుడు. పారాయణము ముగియగానే పుస్తకము మూసినట్లు దానిని మూయుడు.

"మా వ్యాపారమంతయు ఫోనులోనే. కట్టివేసినచో ఎట్లు?" అని ఒక వర్తకుడు అడిగెను. కాలువ కట్టుటకు ముందు చెరువు నింపుకొనినట్లు, అవసరమైన వారికి ముందుగా చెప్పి ఉంచుడు. తప్పనిసరిగా మ్రోగవలసిన నాలుగైదు నంబర్లు మ్రోగనిండు. దాహమునకు నీరు ఆపుమని ఎవరును చెప్పరు.

"మా పిల్లలు వినరు" అని చాలామంది అనుచుందురు. ఈ దినములలో ఎర్రని వస్త్రములు ధరించి భవానీ దీక్షలో నలుబదియొక్క దినములు నియమముగా గడుపు యువకులను మనము చూచుచున్నాము. నేలపై శయనింతురు, ఆహారమును నియమింతురు, చన్నీట మునుగుదురు. యువతకు నియమము చేతకాదన్న మాట నిజము కాదు. పెద్దలు ఆచరించుట కనబడినచో వారును ఆచరింతురు. ఇంటిలో మొదట ఫోను క్రింద పెట్టవలసిన వారు మనమే. దీక్ష తీసికొనువారికి మా విన్నపమొకటి. ఈసారి మాల ధరించునపుడు, చూపునకును ఒక నియమము చేర్చుకొనుడు.

విన్నపము

2028లో కృష్ణకు మరల పుష్కరములు వచ్చును. నది ఉండును, ఘట్టములుండును, ఇంతకంటె మంచి ఫోనులు గూడ ఉండును. మీ తల్లినో తండ్రినో చేయి పట్టుకొని మెట్లు దింపు భాగ్యము మీలో ఎందరికో ఉండును. జ్ఞాపకమునకు ఒక ఫొటో తీసికొనుడు. తీసిన తరువాత దానిని సంచిలో ఉంచి, తడి మెట్టుపై వారి ప్రక్కన కూర్చుండుడు. వారు ఏదో చెప్పుదురు. ఎన్నోమారులు విన్న కథయే కావచ్చును. తల ఎత్తి, వారి ముఖము చూచుచు వినుడు.

అంతవరకు ఆగనక్కరలేదు. నేడు ఇంటికి వెళ్ళిన తరువాత మీ కొరకు మేలుకొని ఉన్నవారితో ఒక గడియ మాట్లాడుడు. మాకు దక్కని ఆ మాట మీకు దక్కవలెనని కోరుచున్నాము. తెరచుటకు శక్తినిచ్చిన జగన్మాత మూయుటకు వివేకమును గూడ మనకు ప్రసాదించుగాక అని ఇంద్రకీలాద్రివాసినియైన శ్రీ కనకదుర్గాంబను ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.